మిక్స్ చేసేటప్పుడు మాస్టర్ మీటర్ ఎంత లెవెల్ చూపించాలి?

ట్రాకులన్నీ కలిసిన మొత్తం లెవెల్ చూపే మాస్టర్ మీటర్‌లో అన్నిటికంటే పెద్ద పీక్ (శిఖరం) -6 డీబీ (డెసిబెల్) చుట్టుపక్కల ఉంటే చాలు. డిజిటల్‌లో 0 అన్నది పైకప్పు. దాన్ని దాటిన ధ్వని అల పైభాగం, ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు తెగిపోయి గరగరమంటుంది. ట్రాకులు విడివిడిగా బాగానే ఉన్నా, కలిసేసరికి లెవెల్ పెరుగుతుంది.

బెంగళూరు మారతహళ్లిలో అద్దె గదిలో ల్యాప్‌టాప్ మీద ఒకరు హౌస్ (ఒక రకం డాన్స్ సంగీతం) ట్రాక్ చేస్తున్నారనుకోండి. కిక్ (డ్రమ్ దెబ్బ) -10, బేస్ (లోతైన స్వరం) కూడా -10. రెండు అలల శిఖరాలూ ఒకే క్షణంలో కలిస్తే మొత్తం -4కి చేరుతుంది. ఇంకా సింథ్, క్లాప్, గొంతు మిగిలే ఉన్నాయి! అందుకే ముందు కిక్‌ను -12 దగ్గర పెట్టి, మిగతావాటిని దాన్నిబట్టి సర్దుకోవాలి. చెవికి తక్కువగా వినిపిస్తే స్పీకర్ వాల్యూమ్ పెంచండి, ట్రాకుల లెవెల్ మార్చే ఫేడర్లు కాదు. ఇది నిజంగా ముఖ్యం.

తక్కువ లెవెల్‌లో మిక్స్ చేస్తే క్వాలిటీ పోతుందనుకోవడం చాలామందికి ఉన్న అపోహ. 24 బిట్ ఆడియోకి సిద్ధాంతపరంగా అతి చిన్న శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా దాదాపు 144 డీబీల పరిధి ఉంటుంది. అందులో 6 వదిలేసినా చెవికి తేడా తెలియదు. పాటకు కావలసిన గట్టిదనం తర్వాత మాస్టరింగ్ అనే చివరి దశలో, పీక్‌లను అదుపులో ఉంచే లిమిటర్‌తో వస్తుంది. -6 కూడా కచ్చితమైన నియమం కాదు, -8 అయినా మిక్స్ చెడిపోదు.