నర్స్ ప్రాక్టీషనర్‌కి బాబుని చూపించొచ్చా?

ప్రశ్న: మేం అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉంటున్నాం. మావారి ఉద్యోగం పోయింది, దాంతోపాటే ఆఫీసు ఇన్సూరెన్స్ కూడా. ఇక్కడే పుట్టిన మా నాలుగేళ్ల బాబుకి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్) వచ్చింది. వాడికి ఆస్తమా. ఇన్నాళ్లూ చూసిన పిల్లల డాక్టరు మెడికెయిడ్ తీసుకోరట. ఇంకో మూడు క్లినిక్‌లూ కాదన్నాయి. ఒకచోట మాత్రం ‘ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ చూస్తారు, రండి’ అన్నారు. ‘పిల్లాణ్ని నర్సుకి చూపించడమేంటి’ అంటున్నారు మా అత్తగారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: నిశ్చింతగా చూపించండి. మన ఊళ్లో నర్సమ్మ అంటే ఇంజెక్షన్ చేసి, బీపీ చూసే మనిషి కాబట్టి మీ అత్తగారి అనుమానంలో తప్పు లేదు. కానీ నర్స్ ప్రాక్టీషనర్ చదువే వేరు. రిజిస్టర్డ్ నర్సు అయ్యాక, ఆపైన మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చేసి, సర్టిఫికేషన్ పరీక్ష పాసై వస్తారు. పరీక్షించి, జబ్బేమిటో తేల్చి, మందులూ రాస్తారు. 1965లో కొలరాడో యూనివర్సిటీలో ఈ చదువు మొదలైందే పిల్లల వైద్యంతో. పైగా టెక్సస్‌లో వీళ్లు మందులు రాయాలంటే ఒక డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఈ ఒక్క ముక్క చెబితే అత్తగారు కాస్త మెత్తబడతారేమో.

ఇక ఆ మూడు క్లినిక్‌ల సంగతి. ‘మెడికెయిడ్ తీసుకుంటారా?’ అని అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకి ‘లేదు’ అనేయడం రిసెప్షన్‌లో వాళ్లకి తేలిక. టెక్సస్‌లో పిల్లల మెడికెయిడ్ చాలావరకు ‘స్టార్’ పేరుతో ప్రైవేటు ప్లాన్‌ల ద్వారా నడుస్తుంది. ఒక ప్లాన్ తీసుకునే క్లినిక్ ఇంకోటి తీసుకోకపోవచ్చు. కాబట్టి బాబు ప్లాన్ కార్డు చేతిలో పట్టుకుని, దాని పేరు చెప్పి, ‘ఈ ప్లాన్‌లో కొత్త పేషెంట్లని తీసుకుంటున్నారా? ఆ నర్స్ ప్రాక్టీషనర్ కూడా ఇదే ప్లాన్‌లో ఉన్నారా?’ అని అడగండి. క్లినిక్ ప్లాన్‌లో ఉండి, చూసే మనిషి లేకపోతే మళ్లీ తలనొప్పి. ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ చూసినా ఆ ఫీజు మెడికెయిడ్ వాళ్లు కట్టాల్సిందే, అది ఫెడరల్ చట్టం. కాకపోతే వాళ్లు మెడికెయిడ్‌లో నమోదై ఉండాలి.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. కార్డు మీద ప్రైమరీ కేర్ (మామూలుగా చూసే డాక్టరు) కింద వేరే పేరు ఉంటే, వెళ్లే ముందే కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేసి ఈ క్లినిక్‌కి మార్పించుకోండి. లేకపోతే కౌంటర్ దగ్గర తిప్పి పంపేయొచ్చు. ఇంగ్లీషులో ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలనండి, ఉచితమే.

ప్లాన్ వెబ్‌సైట్‌లో కనిపించే డాక్టర్ల జాబితాని మాత్రం నేను పెద్దగా నమ్మను. ఎప్పుడో మానేసిన వాళ్ల పేర్లూ అందులోనే ఉంటాయి. ఈ క్లినిక్ కుదరకపోతే, ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్ మీ దగ్గర్లో ఎక్కడుందో చూడండి. మెడికెయిడ్ తీసుకుంటారు. ఇన్సూరెన్స్ లేని మీ ఇద్దరికి కూడా ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు.

అపాయింట్‌మెంట్‌కి బాబు ఇన్‌హేలర్లు, స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం), పాత క్లినిక్ రికార్డులు, టీకాల కార్డు పట్టుకెళ్లండి. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి వాడే ఇన్‌హేలర్ వారంలో రెండు రోజులకు మించి వాడాల్సి వస్తోందా, రాత్రుళ్లు దగ్గుతో లేస్తున్నాడా అన్నది రాసిపెట్టుకోండి. ఎవరు చూసినా మొదట అడిగేది అదే. ఇంట్లో పెట్టుకోవడానికి ఆస్తమా యాక్షన్ ప్లాన్ (ఎప్పుడు ఏ మందు వాడాలో, ఎప్పుడు పరిగెత్తాలో రాసిచ్చే) కాగితం అడిగి తీసుకోండి. ఆస్తమా అదుపులోకి రాకపోతే స్పెషలిస్టుకి రిఫరల్ వాళ్లే రాస్తారు.

ఈలోగా రోజూ వాడే ఇన్‌హేలర్ అయిపోవస్తుంటే ఆపేయకండి. పాత క్లినిక్‌ని గానీ ఫార్మసిస్టుని గానీ రీఫిల్ అడగండి. ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ప్లాన్, క్లినిక్ అని చూడకుండా 911కి ఫోన్ చేయండి. ఇన్సూరెన్స్ ఏదైనా ఎమర్జెన్సీలో చూడకుండా పంపకూడదు.