రొమ్ము గడ్డకట్టి జ్వరం వస్తే బిడ్డకు పాలు ఆపేయాలా?

వద్దు, ఆపకండి. ఆ పాలు బిడ్డకు హాని చేయవు. ఒక్కసారిగా ఆపేస్తే రొమ్ము ఇంకా బిగుసుకుపోతుంది, చీము పట్టే ప్రమాదమూ పెరుగుతుంది.

దీన్ని మాస్టైటిస్ అంటారు. పాలనాళాల చుట్టూ ఉన్న కణజాలం వాచి, పాలు దిగే దారి ఇరుకవుతుంది. రొమ్ములో ఒకవైపు ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా, గట్టిగా తగులుతుంది. చలి, వణుకు, ఒళ్లునొప్పులు వస్తాయి. ప్రతి కేసులోనూ ఇన్ఫెక్షన్ ఉండాలని లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే గడ్డ కరగాలని గట్టిగా పిసుకుతారు, వేడి కాపడం పెడతారు. దయచేసి పిసకనివ్వకండి. లోపల వాచిన కణజాలం ఇంకా నలుగుతుంది. 2022లో వచ్చిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు కూడా ఇదే చెప్పాయి. పలచటి గుడ్డలో ఐసు చుట్టి, పాలిచ్చాక పది నిమిషాలు అద్దండి. బిడ్డ అడిగినప్పుడల్లా పట్టండి. పూర్తిగా ఖాళీ చేయాలని పంపుతో అదేపనిగా తీస్తే శరీరం ఇంకా ఎక్కువ పాలు తయారుచేస్తుంది. నొప్పికి పారాసిటమాల్ గానీ, మీకు పడితే ఐబుప్రోఫెన్ గానీ పాలిచ్చే తల్లులు వాడొచ్చు.

ఒక రోజులో తగ్గకపోయినా, జ్వరం పెరిగినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాలిస్తున్నానని చెబితే, అవసరమైతే అందుకు తగిన యాంటీబయాటిక్ రాస్తారు. మధ్యలో మానకుండా కోర్సు పూర్తిచేయండి. గడ్డ మెత్తబడి లోపల నీళ్లు కదిలినట్టుంటే అది చీముగడ్డ కావచ్చు, స్కానింగ్ అవసరం. తగ్గేదాకా బాలింతను బాగా విశ్రాంతి తీసుకోనివ్వండి, మిగతా పనులు ఇంట్లోవాళ్లు చూసుకోవాలి.