చేయి కాదు, తాడు అనుకో

అనంతపురం

చిరంజీవి మేనల్లుడికి, మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన బౌలింగ్ వీడియో పదిసార్లు చూశాను. పరుగు బాగుంది, దూకుడూ బాగుంది. చేయి మాత్రం చెరుకుగడలా బిగుసుకుపోయింది. బంతి వదిలే ముందే కుడి భుజం చెవి దాకా లేస్తోంది. నాలుగు ఓవర్లకే ముంజేయి లాగుతోందని రాశావు, లాగదా మరి! జిమ్‌కు వెళ్ళి చేతికి బలం పెంచుకుంటానన్నావు. నీ చేతిలో ఇప్పుడున్న బలమే నిన్ను పాడుచేస్తోంది.

మా నాయన, అంటే మీ తాత, జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల, అదే రాయి విసిరే తాడు, తిప్పేవాడు. రాయి అవతలి గట్టు దాకా పోయేది. ఎనిమిదేళ్ళ వయసులో నేను తిప్పితే నా వెనకే పడింది. "తాడును తొయ్యలేవురా, అది నీ వెంట రావాలి" అన్నాడు. ఒక్క క్రికెట్ మ్యాచ్ కూడా చూడని మనిషి. బౌలింగ్ గురించి అంతకు మించిన పాఠం నాకు మరెక్కడా దొరకలేదు. వేగం పుట్టేది కాళ్ళలో, నడుములో. ముందు కాలు గట్టిగా ఆనగానే ఆ ఊపు నడుము నుంచి ఛాతీకి, భుజానికి పాకి, మణికట్టు దగ్గర విదిలింపు అవుతుంది. మధ్యలో భుజం బిగిస్తే అక్కడే ఆగిపోతుంది.

ముందు పట్టు సరిచేసుకో. బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, పావుకిలో కూడా లేదు. చూపుడు వేలు, మధ్య వేలు సీమ్‌కు, అంటే బంతి మీది కుట్టుకు, చెరో పక్క, బొటనవేలి అంచు కింద, అరచేతికీ బంతికీ మధ్య కాస్త సందు. పరుగు మొదలుపెట్టే చోటికి వెనక్కి నడిచేటప్పుడు స్నేహితుణ్ణి బంతి లాగమను, సులువుగా ఊడి రావాలి. నాకూ ఈ జబ్బు ఉండేది. ఒక సెమీఫైనల్లో ఫోర్ కొట్టించుకున్న పంతంతో బలమంతా చేతిలో పెట్టి వేస్తే, బంతి వికెట్లకు దూరంగా పోయి, కీపర్ పక్కన నిలబడే రెండో స్లిప్ ఫీల్డర్ చేతుల్లో నేరుగా పడింది. తర్వాతదీ అంతే. ఓవర్ కాగానే కెప్టెన్ బంతి లాక్కున్నాడు, అదీ రెండు చేతులతో!

ఇక ఎడమ చేయి. దాన్ని ఎవరూ పట్టించుకోరు. గిలక మీద తాడు ఒక కొస కిందికి లాగితే రెండో కొస పైకి వస్తుంది కదా, ఇదీ అంతే. ఎత్తిన ఎడమ చేతిని పక్కటెముకల వైపు గుంజు, కుడిచేయి తనంతట తానే తిరుగుతుంది.

వారం పాటు పరుగు మానెయ్యి. పక్కకు తిరిగి నిలబడి, 22 గజాల పిచ్‌లో సగం దూరం నుంచి గోడకు వెయ్యి. చేతిని మొదట గడియారం లోలకంలా ఊగనిచ్చి, తర్వాత పూర్తిగా తిప్పు. బంతి వదిలేటప్పుడు ఊపిరి కూడా వదులు. పళ్ళు బిగియకపోతే భుజం కూడా లేవదు. చేయి ఎడమ తొడ దాటి పోవాలి. రెండో వారం మూడడుగుల నడక. రోజుకు 30 బంతులు చాలు, ఎండ ముదరక ముందే. భుజంలో నొప్పి వస్తే ఆపెయ్యి, ఓర్చుకోవద్దు.

వదులు అంటే మోచేయి వంచమని కాదు. వంచిన మోచేయి 15 డిగ్రీలకు మించి చాచుకుంటే అది త్రో (విసరడం) కింద లెక్క, బంతి చెల్లదు. బుమ్రాను అనుకరించడం కూడా వద్దు. ఆ మోచేయి వెనక్కి వంగే తీరు ఆయన శరీరానికి వచ్చింది, నీకు రాలేదు.

2024 సెప్టెంబరులో మన ఆర్‌డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ ఆడినప్పుడు నేను బంతిని చూడలేదు, వెనక్కి నడిచే బౌలర్ల చేతులు చూస్తూ కూర్చున్నాను. ఈసారి అక్కడ మ్యాచ్ జరిగితే నువ్వూ అదే చూడు.

ఆదివారం ఆరింటికల్లా వస్తాను. గోడ దగ్గర ఉండు. ఉగ్గాని చెయ్యమని అమ్మకు చెప్పు.

మీ మామ