యూరిన్ కల్చర్ రిపోర్టుకు మూడు రోజులు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. పోయిన వారం మూత్రంలో మంట, చలిజ్వరం మొదలైతే ఇంటి దగ్గరి మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు రోజులు వేశాం. తగ్గకపోవడంతో డాక్టరుగారు యూరిన్ కల్చర్ (మూత్రంలోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష) రాశారు. మూడు రోజులు ఆగితే ‘నో గ్రోత్’ అని వచ్చింది. మంట మాత్రం అలాగే ఉంది. మళ్లీ చేయిస్తే ‘గ్రామ్ నెగెటివ్ బ్యాసిలై, ఈ.కోలై’ అని, సగం మందుల ఎదురుగా ‘ఆర్’ అని ఇచ్చారు. సాయంత్రాలు జ్వరం ఇంకా వస్తోంది. మలేరియా ఫలితం గంటలో చెప్పిన ల్యాబ్‌కు దీనికి ఇన్ని రోజులు ఎందుకు? మొదటి రిపోర్టు తప్పా? ‘ఎస్’ అని ఉన్నవాటిలో తక్కువ అంకె ఉన్న మందు కొనుక్కోవచ్చా?
— ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ముందుగా అత్యవసరమైన మాట. షుగర్ ఉన్న పెద్దావిడకు మూత్రంలో మంటతో పాటు చలిజ్వరం వస్తోందంటే ఇన్ఫెక్షన్ మూత్రాశయం దాటి మూత్రపిండాల దాకా వెళ్లి ఉండవచ్చు. కాబట్టి రెండో రిపోర్టు తీసుకుని ఈరోజే డాక్టరుగారిని కలవండి. నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రం తగ్గిపోవడం, మగతగా ఉండటం, మాట పొంతన లేకపోవడం వంటివి కనిపిస్తే నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక మీ మొదటి సందేహం. మలేరియాతో పోల్చి అడిగారు కనుక అక్కడి నుంచే చెబుతాను. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశారు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే, రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో దాన్ని కనుగొన్నారు. ఇద్దరికీ మైక్రోస్కోపే ప్రధాన సాధనం. ఆ పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో ఎలా కనిపిస్తుందో చూసి, అది మలేరియా అనీ, ఏ రకం మలేరియా అనీ చెప్పగలం కాబట్టి రక్తపు స్లైడుకు రంగు వేసి పరిశీలిస్తే పని అయిపోతుంది.

బ్యాక్టీరియా విషయంలో ఆ వెసులుబాటు లేదు. మీ అమ్మగారి రిపోర్టులో ఉన్న ఈ.కోలై అనే బ్యాక్టీరియా పొడవు సుమారు రెండు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు. మైక్రోస్కోప్ కింద అదొక చిన్న కడ్డీలా కనిపిస్తుంది. టైఫాయిడ్ తెచ్చేదీ అలాంటి కడ్డీయే, మూత్రంలో తరచు దొరికే క్లెబ్సియెల్లా కూడా అలాంటి కడ్డీయే. డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రచురించిన రంగుల పద్ధతిలో ఈ మూడూ ఊదా రంగును నిలుపుకోలేక చివరికి గులాబీ రంగులోనే కనిపిస్తాయి. మీ రిపోర్టులోని ‘గ్రామ్ నెగెటివ్ బ్యాసిలై’ అనే మాట చెప్పేది అంతవరకే. అక్కడితో ఆగిపోతే అది ఏ సూక్ష్మజీవో తెలియదు, ఏ మందుకు లొంగుతుందో అసలే తెలియదు.

ఈ చిక్కు సూక్ష్మజీవశాస్త్రం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసిన లీవెన్‌హుక్ స్వయంగా కటకాలు అరగదీసి, నీటిలో తాను చూసిన అతి చిన్న ప్రాణుల గురించి 1676లో లండన్ రాయల్ సొసైటీకి రాశారు. 1683లో తన పళ్ల మీది పాచిలోనూ వాటిని చూశారు. అయినా ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ల పాటు ఏ ప్రాణి వల్ల ఏ జబ్బు వస్తుందో ఎవరూ తేల్చలేకపోయారు. ఒకే చుక్కలో అనేక రకాలు కలగలిసి ఉంటే, దోషి ఏదో విడదీసి చూపే మార్గం లేకపోయింది.

ఆ మార్గం చూపినవారు జర్మనీ వైద్యుడు రాబర్ట్ కోచ్. నా దృష్టిలో మా సూక్ష్మజీవశాస్త్రం మొత్తంలో ఇంతకన్నా విలువైన ఆలోచన లేదు. ఉడికించిన బంగాళాదుంప ముక్క మీద అక్కడక్కడా విడివిడిగా చుక్కలు మొలవడం, ఒక్కో చుక్కలో ఒకే రకం సూక్ష్మజీవి ఉండటం ఆయన గమనించారు. ద్రవంలో కలిసిపోయేవి గట్టి తలం మీద విడిపోతాయి. అందుకు ఆయన మొదట జెలటిన్ వాడారు. అయితే మన శరీరపు వేడికి, అంటే 37 డిగ్రీల దగ్గర, జెలటిన్ కరిగిపోయేది. కోచ్ దగ్గర పనిచేస్తున్న వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, తన వంటింట్లో పళ్ల జెల్లీలు గట్టిపడటానికి వాడే అగర్‌ను సూచించారు. సముద్రపు నాచు నుంచి తీసే ఆ అగర్‌నే మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్ పేరుతో అమ్ముతారు. 1882లో కోచ్ క్షయ కారక క్రిమిని ప్రకటించారు. 1887లో ఆయన సహాయకుడు పెట్రి మూత ఉన్న చదునైన గాజు పళ్లేన్ని వివరించారు. మీ అమ్మగారి మూత్రాన్ని పరీక్షించింది కూడా అగర్ పోసిన పెట్రి పళ్లెంలోనే.

అందులో జరిగేది ఇది. ఒక్క బ్యాక్టీరియా కంటికి కనబడదు, దాని సంతానం గుట్టగా పేరుకుంటేనే కనబడుతుంది. అనుకూల పరిస్థితుల్లో ఈ.కోలై దాదాపు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన 10 గంటల్లో 30 సార్లు రెట్టింపైతే ఒక్కటి నూరు కోట్లు దాటుతుంది. పళ్లెం మీద ఆహారం తరగడం, వేగం తగ్గడం వంటివి ఉంటాయి కనుక స్పష్టమైన చుక్క కనిపించడానికి 18 నుంచి 24 గంటలు పడుతుంది. రాత్రి తోడు వేసిన పాలు తెల్లవారితే గానీ పెరుగు కానట్టే దీన్నీ తొందరపెట్టలేం. రెండో రోజు ఆ చుక్కను గుర్తించి, వేర్వేరు యాంటీబయాటిక్‌ల ఎదుట మళ్లీ పెంచుతారు. మూడో రోజు ఏ మందు దాని పెరుగుదలను ఆపిందో చదువుతారు. కొత్త యంత్రాలు గుర్తింపును నిమిషాలకు తగ్గించాయి గానీ, మామూలుగా వాటికీ ముందు ఆ చుక్క మొలవాలి. క్షయ క్రిమి అయితే రెట్టింపు కావడానికే 15 గంటలు దాటుతుంది కనుక దాని కల్చర్‌కు వారాలు పడుతుంది.

రిపోర్టు కోసం ఆగడమంటే మందు లేకుండా ఆగడం కాదు. జ్వరం ఉన్నప్పుడు సాంపిల్ తీసుకున్న వెంటనే డాక్టరు అంచనా మీద ఒక యాంటీబయాటిక్ మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక అవసరమైతే మారుస్తారు.

మీ మొదటి రిపోర్టు విషయానికి వస్తే, ల్యాబ్ తప్పు చేసిందనుకోవడానికి కారణం కనిపించడం లేదు. సాంపిల్‌కు ముందు వేసిన మాత్రలు మూత్రంలోకి చేరి సూక్ష్మజీవులను తాత్కాలికంగా అణచగలవు. అవే పళ్లెం మీద కూడా వాటిని మొలవనివ్వకపోవచ్చు. లోపల జబ్బు ఉన్నా బయట ‘నో గ్రోత్’ అని వస్తుంది. అందుకే కల్చర్ సాంపిల్ ఎప్పుడూ యాంటీబయాటిక్ మొదటి మాత్రకు ముందే ఇవ్వాలి. శుభ్రంగా కడుక్కుని, మొదట వచ్చే మూత్రాన్ని వదిలి, మధ్యలో వచ్చేదాన్ని ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి. రెండు గంటల్లోగా చేర్చలేకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.

ఆ మాత్రల వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. చాలీచాలని మోతాదులో మందు తగిలితే లొంగేవి చస్తాయి, తట్టుకోగలిగినవి మిగిలి పెరుగుతాయి. 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945 నాటి నోబెల్ ప్రసంగంలోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు. మందుల స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే, దాన్ని డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని అర్థం. దయచేసి ఆ గీతను చూసి ఆగండి.

‘ఎస్’ అంటే ఆ మందుకు సూక్ష్మజీవి లొంగుతుందని, ‘ఆర్’ అంటే లొంగదని. పక్కన ఉన్న అంకె, సూక్ష్మజీవి పెరుగుదలను ఆపడానికి ఆ మందు కనీసం ఎంత కావాలో చెబుతుంది. దాన్ని ఒక మందుకూ ఇంకో మందుకూ మధ్య పోల్చకూడదు, ఎందుకంటే ప్రతి మందుకూ దాని హద్దు వేరు. తక్కువ అంకె ఉన్నదే బలమైన మందు అనుకోవడం చదువుకున్నవారిలోనూ తరచు చూసే పొరపాటు. ఉదాహరణకు నైట్రోఫ్యూరాన్‌టోయిన్ ఎదురుగా ‘ఎస్’ ఉందనుకుందాం. అది మూత్రాశయంలోని ఇన్ఫెక్షన్‌కు మంచి మందే గానీ, రక్తంలోనూ మూత్రపిండపు కణజాలంలోనూ చాలినంత చేరదు. జ్వరం ఉన్న మీ అమ్మగారికి అది సరిపోదు. మూత్రపిండాల పనితీరు, షుగర్, ఇప్పటికే వాడుతున్న మందులు చూసి డాక్టరే ఎంచాలి. కనుక వెళ్లేటప్పుడు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు, ఇంతకుముందు వేసిన మాత్రల ఖాళీ స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి.

చికిత్స పూర్తయి మంట, జ్వరం పోతే మామూలుగా మళ్లీ కల్చర్ చేయించనవసరం లేదు. పెద్దవయసు స్త్రీలలో ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం సాధారణం. గర్భిణులకు, మూత్రమార్గంలో శస్త్రచికిత్స చేయించుకోబోతున్నవారికి తప్ప, అలాంటి రిపోర్టును చూసి యాంటీబయాటిక్ ఇవ్వవలసిన పని సాధారణంగా ఉండదు.