సౌదీ నుంచి తెచ్చుకున్న మానని పుండు, బయాప్సీలో గ్రాన్యులోమా: టీబీయేనా?

అడిగినవారి ప్రశ్న: "మా అన్న సౌదీ నుంచి చేతిమీద మానని పుండుతో వచ్చాడు. ముక్క తీసి పరీక్ష చేస్తే గ్రాన్యులోమా అన్నారు, టీబీ అంటున్నారు. ఏదైనా పురుగు కుట్టినా ఇలాంటి రిపోర్టు వస్తుందా?"

వస్తుంది. గ్రాన్యులోమా అంటే ఒంటి రక్షణ కణాలు గుంపుకట్టడం, అది టీబీ ఒక్కదానిలోనే రాదు. ఇసుక ఈగ కుడితే అంటే లీష్మానియా అనే పరాన్నజీవి పుండులోనూ వస్తుంది. మా బావకే వచ్చింది.

నేను కరీంనగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ముక్కల్ని మైనంలో పోసి, కోసి, రంగులేసి ఇవ్వడం నా పని. చదివి సంతకం పెట్టేది మా మేడం. కానీ పదహారేళ్లు కోశాక కళ్లు ఊరుకోవు కదా.

బావ సౌదీ తూర్పున ఉన్న అల్ అహ్సాలో ఖర్జూరం తోటలో పనిచేసేవాడు. సెలవు మీద వచ్చేసరికి ముంజేతి మీద రూపాయి బిళ్లంత పుండు. అంచు గట్టుకట్టినట్టు లేచి, నడుమ గుంత, గుంతలో చెక్కు. "నొప్పి లేదురా, మానుతనే లేదు" అనేవాడు. అక్క పసుపు, వేపాకు నూరి కట్టింది. ఆర్ఎంపీ సూదులేశాడు. మూడు నెలలు అట్లానే పోయాయి. తర్వాత ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ముక్క తీసి, గ్రాన్యులోమా ఉందని టీబీ మందులు మొదలుపెట్టారు. మూత్రం ఎర్రగా వస్తోందని భయపడి అప్పుడు నాకు ఫోన్ చేశాడు! అది మందు రంగేనని చెప్పి, బ్లాక్ తెమ్మన్నా. ఆ మైనం ముక్క ఇవ్వడానికి నాలుగు రోజులు తిప్పించుకున్నారు. మనిషి చర్మం, మనిషి డబ్బులు, మళ్లీ వాళ్లనే బతిమాలాలి. పరీక్షకు పంపిన ఫారం చూస్తే ఒకటే ముక్క: "మానని పుండు, టీబీ?" సౌదీ అన్న మాటే లేదు.

మళ్లీ కోసి చూశా. పుండు అంచున పైచర్మం మందమెక్కి వేళ్లలాగా కిందికి దిగింది. దాని కింద ఎపిథెలియాయిడ్ అనే రక్షణ కణాల గుంపులు, అంటే గ్రాన్యులోమాలు, అక్కడక్కడా న్యూక్లియస్‌లన్నీ గుర్రపు నాడాలా అంచున పేర్చుకున్న పెద్ద లాంగాన్స్ కణాలు. ఎవరు చూసినా టీబీయే అంటారు, వాళ్లను తప్పుపట్టను. నాకు అనుమానం తెప్పించింది ఆ గుంపుల చుట్టూ మూగిన ప్లాస్మా కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసేవి. టీబీలో ఇన్ని ఉండవని నా వాదన. మేడం కసిరింది: "అవి సిఫిలిస్‌లోనూ ఉంటాయి. ఎల్‌డీ బాడీ చూపించు, ఒప్పుకుంటా."

ఎల్‌డీ (లీష్మన్-డొనోవన్) బాడీ అంటే కణంలో కనబడే లీష్మానియాయే. అది దొరికితే కదా! పుండు కొత్తగా ఉన్నప్పుడు తీస్తే క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ కణాల కడుపునిండా లీష్మానియానే. నెలలు గడిచేకొద్దీ ఒళ్లు వాటిని చంపుకుంటూ గ్రాన్యులోమాలు కడుతుంది. పరాన్నజీవి తగ్గుతుంది, టీబీ పోలిక పెరుగుతుంది. మనవాళ్లేమో వేపాకు, ఆర్ఎంపీ, అన్నీ అయ్యాకే ముక్క తీయిస్తారు. అదీ నడుమ నుంచి తీస్తే చీము, చచ్చిన కండ తప్ప ఏముంటుంది?

చివరికి ఓ చర్మ డాక్టరు పుండు అంచును గీరి స్లైడ్ చేసిచ్చారు. జీమ్సా రంగు వేసి, మైక్రోస్కోప్ ఆయిల్ లెన్స్ కింద గంటన్నర వెతికితే ఒక్క కణంలో నాలుగు కనబడ్డాయి. రెండు మూడు మైక్రాన్ల గుండ్రటివి. లోపల ఒక చుక్క, అది న్యూక్లియస్. పక్కనే చిన్న గీత. ఆ గీతే కైనెటోప్లాస్ట్, లీష్మానియాలో ఉండే డీఎన్‌ఏ ముద్ద. అది లేకపోతే అంతే సైజులో ఉండే హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కూడా కావచ్చు. మేడం చూసి ఏమీ అనకుండా రిపోర్టు రాయడానికి కూర్చుంది.

ఎల్‌డీలో డీ అంటే డొనోవన్. 1903లో మన మద్రాసులో పనిచేస్తూనే వీటిని గుర్తించాడు. ఆయన చూసింది లోపలి అవయవాలకు పట్టే లీష్మానియా జ్వరం, కాలా ఆజార్‌వి. బావది దాని చెల్లెలు, లీష్మానియా మేజర్. అల్ అహ్సా వైపు ఇసుకలో బొరియలు చేసుకునే ఎలుకల్లో ఉంటుంది, ఇసుక ఈగ కుట్టి మనిషికి అంటిస్తుంది. బావ పడుకునే రేకుల గది వెనకంతా బొరియలేనట.

డాక్టరు టీబీ మందులు ఆపి, పుండు చుట్టూ స్టిబోగ్లూకోనేట్ అనే లీష్మానియా మందు సూదులు ఇచ్చారు. మానింది, మచ్చ మిగిలింది. ఆ రకం పుండు తనంతట తానే మానేదని మేడం అంటుంది. సూదులతోనే మానిందని నేనంటా.

నా రాత చదివి మీ అన్న మందులు మాత్రం మీరే ఆపకండి. ఏ ఊళ్లో పనిచేశాడో డాక్టరుకు చెప్పి, అంచు గీరి జీమ్సా వేయించమని అడగండి. నన్నడిగితే గల్ఫ్ నుంచి వచ్చిన నొప్పిలేని పుండు ఏదైనా ముందు ఇదే అనుకోవాలి. మేడం దీనికీ ఒప్పుకోదు. మా ల్యాబ్ ఫారంలో "ఎక్కడ పనిచేశారు" అన్న గడి లేకపోతే నేనే పెన్నుతో గీసి జిరాక్స్ తీయించా. సగానికి సగం ఇప్పటికీ ఖాళీగానే వస్తున్నాయి.