జీతాలు పెంచితే కొట్టు మునుగుతుందా?

కావలి నుంచి ఒక కిరాణా కొట్టు యజమాని రాసిన ఉత్తరం ఇది, కాస్త కుదించి ఇస్తున్నా. "అన్నా, ట్రంకు రోడ్డు దగ్గర పద్నాలుగేళ్ళుగా కొట్టు నడుపుతున్నాను. ఏడుగురు పనిచేస్తారు. ఇద్దరు పాతవాళ్ళకు 12,000, ముగ్గురు కుర్రాళ్ళకు 10,000, ప్యాకింగ్ చేసే ఇద్దరు ఆడవాళ్ళకు 9,000 చొప్పున ఇస్తున్నా. కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, కనీస వేతనం పెంచక తప్పదు అంటున్నారు. మనిషికి 2,000 పెంచినా నెలకు 14,000 అదనం. ఇలా జీతాలు పెంచుకుంటూ పోతే చిన్న వ్యాపారాలు మూతపడతాయి, దేశం ఎదుగుదల కూడా ఆగిపోతుంది అని మా బావమరిది అంటున్నాడు. ప్యాకింగ్ వాళ్ళిద్దరినీ తీసేసి, బ్యాంకులో ఉన్న 6 లక్షల ఎఫ్‌డీ పగలగొట్టి హైవే వైపు ఇంకో బ్రాంచి పెట్టమంటాడు. మీరేమంటారు?"

అన్నా, ముందు మీరు పంపిన లెక్కే చూద్దాం. నెల అమ్మకం 14 లక్షలు, మార్జిన్ సగటున నూటికి 11 అంటే 1,54,000. అద్దె 22,000, కరెంటు, ఆటో, కవర్లు అన్నీ కలిపి 14,000, జీతాలు 72,000. ఇవన్నీ పోగా మీ చేతికి 46,000 వస్తోంది. అందులోంచి 14,000 పోతే మిగిలేది 32,000, ఇద్దరు పిల్లల చదువులు నడుస్తున్న ఇంట్లో ఇది చిన్న దెబ్బ కాదు, మీకు నిద్ర పట్టడం లేదంటే నేను నమ్ముతాను.

అదే 14,000ను అమ్మకం పక్కన పెట్టి చూడండి. 14 లక్షల్లో 14,000 అంటే వంద రూపాయల సరుకు మీద ఒక్క రూపాయి. కావలిలో కొట్లన్నీ ఒకేసారి జీతాలు పెంచి, ఆ బరువంతా ధరల మీదే వేసినా కందిపప్పు కిలో మీద పెరిగేది రూపాయో రూపాయిన్నరో, పప్పు ధర దానంతట అదే నెలకు అంతకంటే ఎక్కువ ఊగుతుంది. కానీ మీరొక్కరే పెంచి, మీరొక్కరే రూపాయి ఎక్కువ చెబితే పక్క కొట్టుకు పోతారు. చిక్కంతా ఇక్కడే ఉంది, మీ బావమరిది మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది.

ఇంకో లెక్క చెబుతా. మీ ఏడుగురికీ కలిపి 14,000 పెంచారనుకుందాం. అందులో సగం, 7,000, మీ కొట్లోనే సరుకులకు ఖర్చు పెట్టారనే అనుకుందాం. దాని మీద మీకు మిగిలేది 770 రూపాయలు. పద్నాలుగు వేలు ఇచ్చి ఏడొందల డెబ్బై వెనక్కి తెచ్చుకోవడానికి ఏ యజమాని ముందుకొస్తాడు? ఎవరూ రారు, అందుకని అందరూ తక్కువే ఇస్తారు, అందుకని ఊరంతా జేబులో డబ్బు తక్కువ పెట్టుకుని మీ కొట్టుకు వస్తుంది, పావుకిలో నూనె, పది రూపాయల టీపొడి ప్యాకెట్టు అడుగుతుంది. ఇప్పుడు తిప్పి చూడండి. మీ దగ్గర నెలసరుకులు తీసుకునే ఇళ్ళు 600 దాకా ఉంటాయని రాశారు. కూలి అందరికీ పెరిగి, ఒక్కో ఇల్లు మీ దగ్గర నెలకు 250 ఎక్కువ కొంటే అమ్మకం 1,50,000 పెరుగుతుంది, దాని మీద మీ మార్జిన్ 16,500. మీరు పెంచిన 14,000 వచ్చేసినట్టే. ఒక్కడు చేస్తే నష్టం, అందరూ చేస్తే గిట్టుబాటు అయ్యే పని ఇది. కనీస వేతనం చట్టం చేసేది ఆ "అందరూ"ను తీసుకురావడమే.

ఇది నేను కాగితం మీద కూర్చి చెబుతున్న మాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బులు స్మార్ట్ కార్డుల ద్వారా సరిగ్గా, టైముకు అందేలా మార్చినప్పుడు, మన నెల్లూరుతో సహా ఎనిమిది జిల్లాల్లో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌టంకర్ అనే ఆర్థికవేత్తలు పెద్ద అధ్యయనం చేశారు, ఫలితాలు 2023లో పూర్తిగా అచ్చయ్యాయి. పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. వినండి, ఆ పెరిగినదాంట్లో 86 శాతం ఉపాధి పని నుంచి వచ్చింది కాదు, బయట రైతుల దగ్గర, ఇతర పనుల దగ్గర వచ్చింది. ఉపాధి పనిలో డబ్బు గ్యారంటీగా వస్తుందని తెలిశాక కూలీలు తక్కువకు రామన్నారు, బయట కూలి పెరిగింది. కూలి పెరిగితే పని తగ్గాలి కదా, తగ్గలేదు, పెరిగింది. వ్యవసాయం కాని చిన్న చిన్న వ్యాపారాలు కూడా ఆ ఊళ్ళలో బాగా పెరిగాయి. భూమి మీద వచ్చే రాబడి మాత్రం తగ్గింది, అది కూడా చెప్పాలి, ఎందుకంటే పెరిగిన కూలి ఎవరో ఒకరి జేబులోంచే వస్తుంది. ఇది నేరుగా కనీస వేతనం చట్టం గురించి కాకపోయినా, కూలికి కింద ఒక గట్టి మెట్టు పడితే ఊరి వ్యాపారం ఏమవుతుందో మన మట్టి మీదే తేలిన సంగతి.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992లో గంట కూలిని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచినప్పుడు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు పక్క రాష్ట్రంతో పోల్చి చూస్తే ఫాస్ట్‌ఫుడ్ కొట్లలో ఉద్యోగాలు పోయిన జాడ కనబడలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆ లెక్కను తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు, ఆ వాదన నేటికీ సాగుతోంది.

మా అమ్మ కందుకూరు దగ్గర పొగాకు గ్రేడింగ్‌కు పోయేది. సాయంత్రం వచ్చి ఎన్నిసార్లు సబ్బుతో రుద్దుకున్నా ఆ వాసన పోయేది కాదు, ఆమె కలిపి పెట్టిన అన్నం ముద్ద కాస్త చేదుగానే ఉండేది. శనివారం బట్వాడా. మేస్త్రి డబ్బులివ్వడం ఆలస్యమైతే అమ్మ ఇంటికి రాకుండా షెడ్డు దగ్గరే కూర్చునేది, మేము కొట్టు మూసేస్తారేమోనని వీధి చివర నిలబడి చూసేవాళ్ళం. డబ్బు చేతిలో పడగానే ఆడవాళ్ళందరూ ఇంటికి కాదు, నేరుగా శెట్టిగారి కొట్టుకే వెళ్ళేవాళ్ళు. ఆయన చెవి మీది పెన్సిల్ తీసి, అరువు పుస్తకంలో ఒక్కో పేరు మీద గీత కొడుతూ, కొత్త సరుకులు కట్టేవాడు. పొగాకు కూలి పెరిగిన ఏడాది మా ఇంటికి మొదటిసారి కిలో బెల్లం ఒకేసారి వచ్చింది, అంతకుముందు ఎప్పుడూ పావుకిలోనే. ఆ కిలో బెల్లం మీద లాభం శెట్టిగారిది. ఊరి ఆర్థిక వ్యవస్థ ఎలా తిరుగుతుందో నాకు ముందుగా తెలిసింది కాలేజీలో కాదు, ఆ కొట్టు అరుగు మీద.

మీకూ ఒక అరువు పుస్తకం ఉంది, అందులో 1,80,000 బాకీ నిలిచిపోయిందని మీరే రాశారు. ఒకసారి ఆ పేర్లు చూడండి. రొయ్యల పీలింగ్‌కు పోయేవాళ్ళు, తాపీ పనివాళ్ళు, ఇంకో కొట్లో మీ కుర్రాళ్ళలాగే 10,000కు పనిచేసేవాళ్ళు. మీ కుర్రాళ్ళ బాకీ ఇంకో కొట్టు పుస్తకంలో ఉంటుంది. ఒకరి జీతం ఇంకొకరి బేరం.

అయితే ఎంత పెంచినా మంచిదే అని నేను అనను. కూలి పెరిగితే వచ్చే మేలు ఊళ్ళో తిరిగే డబ్బు మీద ఆధారపడుతుంది, అమెరికాలో ధర తేలే సరుకు సంగతి వేరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల వాళ్ళ పరిస్థితి చూశాం. అలాంటప్పుడు ప్లాంటు వాళ్ళు పెరిగిన కూలిని ధర మీద వేయలేరు, పని రోజులు తగ్గిస్తారు. చీమకుర్తి గ్రానైట్‌లో ఇంకో రకం, అక్కడ ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది, పెరిగిన కూలిలో పెద్ద భాగం వాళ్ళ ఊళ్ళకు వెళ్తుంది, అది వాళ్ళ హక్కే, కానీ చీమకుర్తి కొట్లకు ఆ మేరకు బేరం పెరగదు. 1938లో అమెరికా తన గంట కూలిని పేద ద్వీపం పోర్టోరికో మీద యథాతథంగా పెడితే అక్కడి కుట్టుపని దెబ్బతింది, తర్వాత సడలించాల్సి వచ్చింది. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం సంపాదనకు తగ్గట్టు, కొంచెం కొంచెంగా, అందరికీ ముందే తెలిసేలా పెంచాలి. పదేళ్ళు కదపకుండా ఉంచి ఒక్కసారిగా పెంచితే మీలాంటి వాళ్ళే ముందు నలుగుతారు, కూలీలకు కూడా పనివాళ్ళ సంఖ్య దాచి తక్కువ రాసే కొట్లే మిగులుతాయి.

ఇప్పుడు చట్టం. వేతనాల కోడ్ 2019లో పార్లమెంటు దాటింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. కొట్లో ఎంతమంది ఉన్నారన్నదానితో పని లేదు, ఒక్కరున్నా కనీస వేతనం ఇవ్వాల్సిందే. కేంద్రం కింది హద్దు పెడుతుంది, రాష్ట్రం దానికంటే తక్కువ పెట్టకూడదు. పాత జాతీయ హద్దు 2017లో రోజుకు 176 రూపాయలు, దానికి చట్టబలం కూడా లేదు. 2019లో నిపుణుల కమిటీ 375 అని చెప్పింది. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ కూలే 307 ఉండగా, 176ను హద్దు అనడంలో అర్థం లేదు. రాష్ట్రంలో కొట్లకు వర్తించే రేటులో కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. మీరు కావలి ఏఎల్ఓ (సహాయ కార్మిక అధికారి) ఆఫీసుకు వెళ్ళి ఈ ఆరు నెలల రేటు కాగితం తెచ్చుకోండి, వాట్సాప్‌లో తిరిగేది నమ్మొద్దు. ఆ కాగితంలో ఉన్నదానికి మీరిచ్చేది తక్కువైతే ఆ తేడా మీరు "పెంచడం" కాదు, బాకీ, మూడేళ్ళ వెనక్కి వెళ్ళి అడిగే హక్కు వాళ్ళకుంది. కాబట్టి అది ఈ నెలే సరిచేయండి, వాయిదాల్లో కాదు. ఆ పైన పెంచాలనుకున్నది మాత్రం సంక్రాంతికి కొంత, వేసవికి కొంత పెంచొచ్చు. పండగ ముందు రాత్రి పదిన్నర దాకా ఉంచుతున్నారు కదా, ఆ అదనపు గంటలకు రెట్టింపు ఇవ్వాలి. బ్యాంకులో ఎక్కువ వేసి నగదుగా వెనక్కి తీసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది నేరం, పైగా మీ గల్లా పెట్టె దగ్గర రోజంతా నిలబడే మనిషితో పెట్టుకునే పని కాదు.

ప్యాకింగ్ వాళ్ళను తీసేయడం మాట. నెలకు 18,000 మిగులుతుంది, నిజమే. ఆ పప్పులు, చింతపండు, ఎండుమిర్చి ఎవరు జల్లించి కట్టాలి? మీ ఆవిడ. ఆవిడ కష్టాన్ని సున్నా రూపాయలకు లెక్కేస్తే ఏ లెక్కయినా లాభంగానే కనిపిస్తుంది. పైగా మీ మార్జిన్‌లో మంచి భాగం వచ్చేది విడి సరుకు ప్యాకెట్లలోనే, కంపెనీ సరుకులో కాదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. పోయిన ఏడాది ఐదుగురు కుర్రాళ్ళు మానేశారని కూడా రాశారు. కొత్తవాడికి సరుకు ఎక్కడుందో తెలియడానికే నెల పడుతుంది, ఆ నెలంతా బిల్లు తప్పులు, తూకం తేడాలు, విసుక్కుని వెళ్ళిపోయే బేరాలు. 2,000 పెంచి ఆ ముగ్గురినీ రెండేళ్ళు నిలుపుకోగలిగితే అందులో కొంత అక్కడే రాబట్టుకుంటారు.

6 లక్షల సంగతి. బ్రాంచి వద్దు, ఇప్పుడు అసలు వద్దు. కొత్త జీతాలతో మీ నెల ఖర్చు 1,22,000, మూడు నెలలకు 3,66,000. అంత మొత్తం ఎఫ్‌డీలోనే ఉంచండి, రొయ్యల పని మందగిస్తే మీ అమ్మకం కూడా మందగిస్తుంది, అప్పుడు జీతాలు ఆపకూడదు. మిగతాదాంట్లో 2 లక్షలు హోల్‌సేల్ కొనుగోలుకు పెట్టండి. అప్పు మీద కాకుండా నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారో ఒక్కొక్కరినీ అడగండి. ఒకటిన్నర శాతం తగ్గినా, నెలకోసారి ఆ 2 లక్షలు తిప్పితే 3,000, ఏడాదికి 36,000. అదే డబ్బు మీద ఏ ఎఫ్‌డీ అంత ఇవ్వదు. మిగిలిన 34,000తో తూకం మిషను మార్చండి, ప్యాకెట్లు అతికించే మిషను ఒకటి కొనండి, ఆడవాళ్ళిద్దరూ కొవ్వొత్తి మంట మీద కవర్లు అతికిస్తున్నారని రాస్తే నాకు బాధేసింది.

ఇంకొకటి, ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి, రెండూ బ్యాంకు ఖాతా నుంచే కడతారు. ఒకటి ప్రమాదానికి, ఇంకొకటి ఏ కారణంగా చనిపోయినా, చెరి 2 లక్షలు. జీవన్ జ్యోతిలో చేరడానికి వయసు యాభై దాటకూడదు. ఏడుగురికీ కలిపి ఏడాదికి 3,192 అవుతుంది, మీరే కట్టండి. కార్మికులకు వైద్యం, బీమా ఇచ్చే ఈఎస్‌ఐ మీకు తప్పనిసరి కాదు, పది మంది ఉంటే తప్పనిసరి, కాబట్టి వాళ్ళకు ప్రస్తుతం ఆ రక్షణ లేదు.

ఏఎల్ఓ ఆఫీసు కాగితం చేతికొచ్చాక ఫొటో తీసి పంపండి, ఒక్కొక్కరికి ఎంత తేడా ఉందో కలిసి లెక్క వేద్దాం. దాంతోపాటు అరువు పుస్తకంలో ఆరు నెలలు దాటిన బాకీలు ఎవరెవరివో, వాళ్ళు ఏ పని చేస్తారో పేరు పక్కన రాసి పంపండి.