ఆటలో నక్షత్రాలు, లెక్కలో తడబాటు

ప్రశ్న: టీచర్ గారూ, మా వాడికి అయిదేళ్లు నిండాయి. కంప్యూటర్లో లెక్కల ఆట పెడితే చకచకా లెవెల్స్ దాటేస్తాడు. అదే నాలుగు గుండీలు ముందు పెట్టి, ఇంకో మూడు కలిపి ‘ఎన్నిరా?’ అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఆట మాన్పించేయనా?

జవాబు: మాన్పించక్కర్లేదమ్మా. ఒకసారి పక్కన కూర్చుని, తెరని వదిలేసి వాడి వేలు గమనించండి. నాలుగు జవాబులిచ్చి ఒకటి నొక్కమనే ఆటలో పిల్లలు లెక్క జోలికే పోరు. వరసగా నొక్కుకుంటూ పోతారు. తప్పయినా పోయేదేముంది, కాసేపటికి చప్పట్లు ఎలాగూ మోగుతాయి! వాడిని కోప్పడకండి, ఆ లొసుగు ఆటలోనే ఉంది.

నేనైతే తప్పు జవాబు నొక్కి చూసి ఆటని ఎంచుతాను. 4కి 3 కలపమన్నచోట 6 నొక్కితే, ‘అయ్యో’ అని ఊరుకుందా, చుక్కలు పేర్చి ఒకటి మిగిలిందని చూపించిందా? రెండోదే నాకు కావాలి. అంకెలతో ఇబ్బందిపడే పిల్లల కోసం ఆనా విల్సన్, స్తానిస్లాస్ దెహాన్ బృందం చేసిన ‘ద నంబర్ రేస్’లో రెండు గుంపుల్లో పెద్దది ఎంచుకుని, అందులో ఎన్నుంటే అన్ని గళ్లు ముందుకి కదలాలి. ఎక్కువంటే ఎంత ఎక్కువో కంటికే తెలిసిపోతుంది. ‘టక్స్‌మ్యాత్’లో మీదికి రాలే తోకచుక్కల్ని జవాబు కొట్టి పేల్చాలి. సరదాగానే ఉంటుంది గానీ, అది వచ్చిన లెక్కని వేగంగా చేయడానికి. మీవాడికి ఇప్పుడే వద్దు.

ఇక ఒకటి నుంచి మొదలుపెట్టడం. ఈ వయసుకి అది మామూలే. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో 1 నుంచి 10 దాకా వరసగా గళ్లున్న అట్ట మీద ఆడిన చిన్నపిల్లలకి ఏ అంకె ఎంత పెద్దదో బాగా తెలిసొచ్చింది. అంకెల బదులు రంగులే ఉన్న అట్టతో ఆ ఫలితం రాలేదు. అలాంటి అంకెల అట్ట మీద ఆడేటప్పుడు పావు 5 మీదుండి 2 పడితే ‘ఒకటి, రెండు’ అననివ్వకండి, ‘ఆరు, ఏడు’ అనిపించండి. కంప్యూటర్ ఆటలోనూ అంతే, పైకి చెప్తూ జరపమనండి.

గుండీలతో అయితే నాలుగింటినీ వాడి ఎదుటే లెక్కపెట్టి గిన్నె బోర్లించండి. మూడు బయట పెట్టండి. లోపలివి కనబడవు కాబట్టి గిన్నె తట్టి ‘నాలుగు’ అనాల్సిందే, అక్కణ్నుంచి అయిదు, ఆరు, ఏడు. మొదట్లో గిన్నె ఎత్తి తొంగి చూస్తాడు, చూడనివ్వండి.